నీలం చొక్కా వెనక రాత

ఇంతవరకూ నడిచిన సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. సైకిల్ రిపేరు షాపు మీది గదిలో బోర్డులక్క ఏడాదిగా అతికిస్తూ వచ్చిన నది బొమ్మ పూర్తయింది. మర్నాడు పొద్దున్నే తొమ్మిదింటికి దాన్ని ప్రదర్శనకు తీసుకుపోవడానికి వ్యాను వస్తుంది. ఇరవై ఏళ్ళపాటు షాపుల షట్టర్ల మీదా లారీల వెనకా అక్షరాలు రాసి బతికిన మనిషి గోడకు తగిలించే బొమ్మ ఒకటి చేయడం, దాన్ని చూడ్డానికి నలుగురూ వస్తామనడం ఇదే మొదలు. ఆ మధ్యాహ్నం ఆమె ఆఖరి పూతకని వార్నిష్ డబ్బా మూత తీస్తుండగా తలుపు చప్పుడైంది.

తీసి చూస్తే గుమ్మంలో ఒక పెద్దాయన. బోర్డులక్క ఆయన్ని ఎన్నడూ కలవలేదు. అయినా ఆ ముఖం ఆమెకు కొట్టినపిండి. ఎడమ కనుబొమ్మ మీద గాటు, ఒక పక్కకు కాస్త వంగిన ముక్కు. ఈ ఏడాదిలో ఆ ముఖాన్ని ఆమె ఆరు వందల నలభై సార్లు మెడ కింద బ్లేడు పెట్టి కోసింది.

"పాత ఫుట్‌బాల్ కార్డులతో బొమ్మలు చేసేది మీరేనా అమ్మా?" అన్నాడాయన.

బోర్డులక్క జవాబు చెప్పేలోగానే లోపల కుట్టుమిషను ముందున్న వదిన కేకేసింది. "ఆమే, ఆమే. లోపలికి రండి. చెప్పులు విప్పక్కర్లేదు, నేలంతా జిగురే, విప్పితే పాదాలు ఇక్కడే ఉండిపోతాయి."

ఒకప్పుడు బబుల్‌గమ్ పొట్లంలో ఫుట్‌బాల్ ఆటగాడి కార్డు ఒకటి పెట్టేవాళ్ళు. పేరున్న ఆటగాళ్ళ కోసం పిల్లలు కొట్టుకు చచ్చేవారు. ఈయన ఏ జట్టుకో మూడో గోల్‌కీపరు. ఆడింది ఒక్కటే మ్యాచి. అచ్చువాళ్ళ పొరపాటో ఏమో, ఏ పొట్లం విప్పినా ఈయనే తగిలేవాడు. బడి ముందు పొట్లం చించిన ప్రతివాడూ "ఛీ, మళ్ళీ మిగులేరా!" అని పారేసేవాడు. అలా ఆయన పేరే మిగులు అయిపోయింది. ఆ కార్డులో ఆయన తొడుక్కున్న చొక్కా నీలం. ఒక్కో కార్డు ఎండకీ తేమకీ ఒక్కో తీరుగా వెలిసింది. నది బొమ్మకు కావలసిన నీళ్ళన్నీ, లోతున్నవీ లేనివీ, బోర్డులక్కకు ఆ చొక్కాల్లోనే దొరికాయి.

గోల్‌కీపరు గదిలోకి రెండడుగులు వేసి గోడకు ఆనించి ఉన్న బొమ్మ ముందు ఆగిపోయాడు. తలుపంత పొడుగున అడ్డంగా పరుచుకున్న నది. తెల్లవారి వెలుగులో ఒక పడవ రేవు వదిలి పోతోంది. తెడ్డు వేసేవాడి వీపు తప్ప ముఖం కనబడదు.

"ఎవరమ్మా పడవలో?"

"మా అన్నయ్య," అంది బోర్డులక్క. "ఆవిడ భర్త. పదకొండేళ్ళయింది. ఆ పొద్దున వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు."

గోల్‌కీపరు వదిన వైపు చూసి తల వంచాడు. వదిన కుట్టుమిషను మీంచి చెయ్యి తీయకుండానే "కూర్చోండి," అంది. రోజూ సాయంత్రం మిషను మూసేశాక ఆ బొమ్మ ముందు కాసేపు నిలబడడం ఆమెకు అలవాటైంది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

ఆయన కూర్చోలేదు. బొమ్మకు ముఖం ఆనించేంత దగ్గరగా వంగి, నీళ్ళలో వేలితో వెతికాడు.

"చొక్కా నాదే. గ్లవ్సు కూడా నావే. మరి నా మొహం ఎక్కడమ్మా?"

"మొహాలు వాడలేదు బాబాయిగారూ. నదికి నీలం ఒక్కటే కావాలి. కార్డుని అడ్డంగా సగానికి కోసి కింది సగం అతికించాను. పై సగాలు అదిగో, ఆ సంచీలో ఉన్నాయి."

పిండి సంచీ ఒకటి మూల నిలబెట్టి ఉంది. ఆయన దాన్ని చూసి నవ్వాడు. "అక్కడ కూడా మిగిలానన్నమాట."

ఆ నవ్వు చూడలేక బోర్డులక్క వార్నిష్ డబ్బాకి మూత పెట్టే పనిలో పడింది.

"పోట్లాటకి రాలేదు తల్లీ," అన్నాడాయన. "నేను తాళాలు చేసుకునేవాణ్ణి. స్టేషను రోడ్డులో షాపు. నెల కిందట ఒక నర్సమ్మ తాళంచెవి నకలు చేయించుకోడానికొచ్చింది. బోర్డు మీద నా పేరు చూసి, 'మీరు ఫలానా అమ్మాయి నాన్నగారా?' అంది. అవునన్నాను. 'మీ కోసం చాలా వెతికానండీ, చిరునామా పోగొట్టుకున్నాను' అని ఏడ్చేసింది. మా అమ్మాయి పోయి పద్నాలుగు నెలలమ్మా. నాకు కబురొచ్చేసరికే అంతా అయిపోయింది."

మిషను ఆగింది.

"చివరి రోజున ఆ నర్సమ్మ చెయ్యి పట్టుకుని ఒకటే మాట చెప్పిందట. 'నా గదిలో ఒక పెట్టె ఉంది, మా నాన్నకివ్వండి. వెనక చదవమనండి' అని. అంతే. నేను వెళ్ళేసరికి ఇంటాయన గది ఖాళీ చేసి అంతా పాత కాగితాల షాపుకి వేసేశాడు. ఆ షాపతన్ని అడిగితే, ఫుట్‌బాల్ కార్డుల పెట్టె బొమ్మలామె కొనుక్కుపోయిందన్నాడు." ఆయన చేతులు రెండూ ముందుకు చాపాడు, బంతి అందుకునేవాడిలా, పెద్ద చేతులు, వేళ్ళ సందుల్లో ఇనప పొడి. "వెనక ఏముందమ్మా?"

బోర్డులక్క చటుక్కున బొమ్మ వైపు చూసింది. తర్వాత గోడ గడియారం వైపు చూసింది. మూడున్నర.

"వెనక... వెనక ఏమీ లేదండీ," అంది. "ఉత్త అట్ట."

ఆయన చాపిన చేతులు మెల్లగా దించుకున్నాడు. "అలాగా. జ్వరంలో ఏదో అని ఉంటుంది లెండి. మీ పని చెడగొట్టాను," అని తలుపు వైపు తిరిగాడు. గడప దగ్గర ఆగి, "బొమ్మ బాగుందమ్మా. పనికిరాని చొక్కాని పనికొచ్చేట్టు చేశారు," అన్నాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు ఒకటి, రెండు, మూడు.

వదిన కుర్చీలోంచి లేచింది. "అమ్మాయ్. జిగురు కాచి ఇచ్చింది నేను. ముక్కలు నీ చేతికి అందించింది నేను. వెనక పెన్సిల్ రాతలు నేనూ చూశాను. మా ఆయన ఉంటే ఈ మాటకి నీ చెవి మెలేసేవాడు."

బోర్డులక్క మెట్లు దిగలేదు, దూకింది. సైకిల్ షాపు ముందు ఆయన భుజం పట్టుకుని, ఊపిరందక, "ఉన్నాయి బాబాయిగారూ," అంది. "రాతలున్నాయి. రేపు ఈ బొమ్మ కోసం వ్యాను వస్తుంది, అందుకే అబద్ధం చెప్పాను. పైకి రండి."

ఆయన ఆమెను తిట్టలేదు. తిడితే బాగుండుననుకుంది ఆమె.

పిండి సంచీని బల్ల మీద బోర్లించారు. ఆరు వందల నలభై ముఖాలు జలజలా రాలి పడ్డాయి. పాతికేళ్ళ కుర్రాడు, నుదుటి మీద పడ్డ జుట్టు, కెమెరా వైపు చూడాలా వద్దా అని తేల్చుకోని చూపు. గోల్‌కీపరు తన ముఖాన్ని తాను చూసుకోకుండా ఒకటి తీసి తిరగేశాడు. అద్దాలు పెట్టుకున్నాడు. పెన్సిలు రాత, చిన్నపిల్లలు గీతల్లేకుండా రాసినట్టు పైకీ కిందికీ పోయింది.

"బడి వెనక కాలవలో. సగం తడిసింది. బట్టల తాడుకి ఆరేసి..."

అక్కడితో కోత. మిగతా మాట కింది సగం మీద ఉంది. కింది సగం నదిలో ఉంది.

ఆయన ఇంకొకటి తీశాడు. "మూడో బెంచీ కింద. మీద బూటు గుర్తు. రబ్బరుతో తుడిస్తే..."

ఇంకొకటి. "బస్సు కిటికీలోంచి ఒకడు విసిరేశాడు. టైరు కింద పడకముందే..."

ఇంకొకటి. "లెక్కల టీచరు పుస్తకంలో పేజీ గుర్తుకి పెట్టుకుంది. ఇవ్వనంది. రోజూ అడుగుతూ ఉంటే..."

"కింద ఏముంటుంది?" అన్నాడాయన. "మీరు చూసే ఉంటారుగా. కింద ఏముండేది?"

"అన్నీ చదవలేదు," అంది బోర్డులక్క. "పిల్లల ఆటలో లెక్కలనుకున్నాను. కానీ అన్నిటికీ కింద చివర్లో ఒకే మాట ఉండేది. అందుకే గుర్తుంది."

"ఏం మాట?"

"ఇంటికి తెచ్చాను, అని."

గోల్‌కీపరు అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కింద షాపులో ఎవరో చక్రం తిప్పి చూస్తున్న చప్పుడు.

"దానికప్పుడు తొమ్మిదేళ్ళు," అన్నాడు చివరికి. "జట్టులోంచి తీసేశాక ఇనప కార్ఖానాలో చేరాను. అక్కడ నా డబ్బా మూత మీద, టోపీ లోపల, బాత్రూం గోడ మీద, ఎక్కడ చూసినా నా కార్డే అతికించేవాళ్ళు. నవ్వేవాళ్ళు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి, ఏం చేస్తాం. ఒకరోజు ఇంటికొచ్చి మంచం కింద చెప్పుల కోసం వెతుకుతుంటే పెట్టె తగిలింది. మూత తీస్తే అంతా నేనే. మట్టి కొట్టుకుపోయినవి, తొక్కినవి, మడతలు పడ్డవి. ఇంట్లో కూడా నవ్వుతున్నారనుకున్నానమ్మా. స్నేహితులతో కలిసి నా బిడ్డే నవ్వుతోందనుకున్నాను. లాగి ఒకటిచ్చాను. 'నువ్వు కూడానా' అన్నాను."

"ఏమంది?" అంది వదిన.

"ఏమీ అనలేదు. చెంప పట్టుకుని పెట్టె వైపు చూసింది. 'పారేయ్' అన్నాను. మర్నాడు పారేశావా అంటే పారేశానంది. అంతే. ఆ తర్వాత నాతో పోట్లాడలేదు, అలగలేదు. అడిగినదానికి జవాబు చెప్పేది. అన్నం తిన్నావా అంటే తిన్నాను. బడికి వెళ్ళావా అంటే వెళ్ళాను. ఇరవై రెండేళ్ళకి ఉద్యోగమొచ్చిందని వెళ్ళిపోయింది. దాని తల్లి ఉన్నన్నాళ్ళూ ఉత్తరమో ఫోనో ఉండేది. ఆవిడ పోయాక అదీ లేదు. అదే వస్తుందిలే అనుకున్నాను. నేనే వెళ్ళొచ్చని తోచలేదు. షాపులో రోజుకి పాతిక తాళంచెవులు చేస్తాను. ఎంత మూర్ఖుణ్ణో చూడండి."

ఆయన ఏడవలేదు. బల్ల మీది ముఖాలను ఒక్కొక్కటే తిరగేసి, రాత పైకి వచ్చేలా వరసగా పేర్చడం మొదలుపెట్టాడు. ఏ వరసలో పెట్టాలో తెలియక ఒకసారి కలిపి మళ్ళీ మొదలుపెట్టాడు. బోర్డులక్క పక్కన కూర్చుని సాయం పట్టింది. ఏడాది పొడుగునా అవే ముక్కలు ఆమె చేతుల్లోంచి పోయాయి. ఒక్కదాన్ని నిలబడి చదివి ఉంటే, షాపువాడిని అడిగి ఉంటే, ఈయనకు పెట్టె పెట్టెగా దక్కేది. రంగు మీద కన్ను పడితే తనకు ఇంకేమీ కనబడదని అన్నయ్య ఎప్పుడూ వేళాకోళం చేసేవాడు. ఇప్పుడది వేళాకోళంగా లేదు.

"ఇదేమిటి, ఇది పెన్సిలు కాదే," అంది వదిన.

ఆమె చేతిలో ఉన్న ముక్క వెనక నీలం ఇంకు. రాత కూడా చిన్నపిల్లది కాదు. పొందికైన, పనిమంతురాలి రాత, చీమల బారులా సన్నగా. పైన తేదీ ఉంది. కిందటేడాది, వానాకాలం.

"మా అమ్మాయి ఆస్పత్రిలో చేరడానికి మూడు వారాల ముందు," అన్నాడు గోల్‌కీపరు. "అద్దాలు... నా అద్దాలేవి... నువ్వే చదువమ్మా."

వదిన వెలుతురుకి తిరిగి చదివింది.

"'పాత సామాన్ల అంగట్లో ఒకటి దొరికింది. ఇన్నేళ్ళకి. పట్టుకుని నాన్న షాపు దాకా వెళ్ళాను. లోపల ఎవరిదో తాళం విప్పుతున్నాడు, తలెత్తలేదు. జుట్టంతా తెల్లబడిపోయింది. రోడ్డు దాటలేకపోయాను. ఇవతలే నిలబడి చిన్నదానికి తాతయ్యని చూపించాను. చెయ్యి ఊపింది. నాకేమైనా అయితే దీన్ని...'"

వదిన ఆగిపోయింది. ముక్కను అటూ ఇటూ తిప్పింది. "ఇంతే. ఇక్కడ కోసేశాం."

"చిన్నది?" అన్నాడు గోల్‌కీపరు. "ఏ చిన్నది?"

వదిన ముక్కను మళ్ళీ వెలుతురుకి పట్టింది.

"తాతయ్యని చూపించానందా? మళ్ళీ చదువు. తల్లీ, ఆ ఒక్క ముక్క మళ్ళీ చదువు."

వదిన మళ్ళీ చదివింది. ఈసారి నెమ్మదిగా. ఆయన బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదే. పిల్ల ఉందని ఎవరూ... నర్సమ్మకీ తెలీదు. నేను సంతకం పెట్టి మా అమ్మాయిని తీసుకొచ్చేశాను. పద్నాలుగు నెలలు. ఎక్కడుంది? ఎవరి దగ్గరుంది?"

"అది కింది సగంలో ఉంటుంది," అంది బోర్డులక్క. 'దీన్ని' తర్వాత ఏముంటుందో ముగ్గురికీ తెలుసు. ఒక పేరు. ఒక ఇల్లు. ఒక వీధి. బొమ్మలో ఆరు వందల నలభై నీలం ముక్కల్లో ఏదో ఒకదాని వెనక, అట్టకు అతుక్కుని.

గోల్‌కీపరు బొమ్మ వైపు చూశాడు. ఆ పడవలో వీపు తిప్పి కూర్చున్న మనిషి వైపు చూశాడు. ఆ తర్వాత తల దించుకుని, "వద్దమ్మా," అన్నాడు. "ఇంకేదైనా దారి చూసుకుంటాను. ఆస్పత్రిలో అడుగుతాను, ఆ ఇంటాయన్ని అడుగుతాను. మీ మనిషిని నేను చెరపను."

ఏడాది కష్టం, మొదటి బొమ్మ, రేపటి వ్యాను, అన్నీ బోర్డులక్కకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ బొమ్మ తన చేతి పనే అయినా తనది కాదని మొట్టమొదటిసారి తెలిసింది. ఆమె వదిన ముఖం వైపు చూసింది.

వదిన బొమ్మ ముందుకు వెళ్ళి నిలబడింది. రోజూ సాయంత్రం నిలబడే చోటే. కొంగుతో పడవ అంచు మీద లేని దుమ్ము తుడిచింది.

"ఆయన పోయినవాడు," అంది. "పోయినవాడికి తొందరేం ఉంది? ఆ పిల్ల ఎక్కడో అన్నం కోసం ఎవరి చెయ్యో చూస్తోంది." తర్వాత పొయ్యి వైపు తిరిగి, "నేను కాచిన జిగురు నాకు తెలీదా. వేడి నీళ్ళు తగిలితే అరగంటలో వదిలేస్తుంది. పొయ్యి మీద పెద్ద గిన్నె పెడుతున్నాను. నిలబడి చూడకండి, చెరో కొసా పట్టి దించండి," అంది.

బొమ్మను నేల మీద పరిచారు. వదిన నీళ్ళు కాచి తెచ్చింది. బోర్డులక్క గుడ్డ తడిపి, పిండి, ఎడమ కొస నుంచి మొదలుపెట్టింది. రేవు దగ్గరి లేత నీలాలు ముందుగా మెత్తబడ్డాయి. మొదటి ముక్క గోరుతో లేపితే చిరగకుండా లేచి వచ్చింది. వెనక పెన్సిలు రాత చెక్కు చెదరలేదు. "...ఆరిపోయాక ఇస్త్రీ చేశాను. ఇంటికి తెచ్చాను." గోల్‌కీపరు దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. రెండోది, మూడోది, పదోది. వదిన పాత దుప్పటి పరిచి వాటిని ఆరబెడుతోంది. పడవ వెనక భాగం అప్పటికే పోయింది.

"నీలం ఇంకు ఉన్నది దొరికితే కేకేయండి," అంది బోర్డులక్క. ఎలా ఉంటుందో ఇంకోసారి చూసుకుందామని బల్ల మీది ఆ పై సగాన్ని అందుకుంది. చేతులు తడిగా ఉన్నాయని ఆ క్షణాన ఆమెకు గుర్తు లేదు.

బొటనవేలు తగిలిన చోట, చివరి మాట మీద, ఇంకు కదిలింది. 'దీన్ని' అన్న అక్షరాలు ఆమె కళ్ళముందే ఉబ్బి, ఒకదాంట్లోకి ఒకటి పాకి, నీలం మరకై ఆగాయి.

ఆమె ముక్కను గుండెకు అదుముకుని గభాల్న వెనక్కి తిరిగింది. గోల్‌కీపరు మోకాళ్ళ మీద వంగి, నది మధ్యన ఇంకో తడిగుడ్డ పరచబోతున్నాడు.

"ఆపండి!" అని అరిచింది. "నీళ్ళు తగలనివ్వకండి! వదినా, గుడ్డ తీసెయ్యి!"

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. బోర్డులక్క వేలి మీది మరకను చూపించింది. వదినకు ముందు అర్థమైంది. ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టి, ఆ వేలి వైపు, నేల మీది నది వైపు చూసి, మెల్లగా అంది.

"అమ్మాయ్... అతికించినప్పుడు మనం వెనక పూసిన జిగురు కూడా తడిదే కదే."